ముడుపు కాయతో ద్రాక్షతోటకు

మా ఆవిడా నేనూ సెలవు పెట్టి ఊళ్ళు తిరిగేది తినడానికే. గుళ్ళూ కోటలూ దారిలో తగిలితే చూస్తాం, వాటి మీద మాకు కక్షేమీ లేదు. వేలూరులో కాలేజీ ఉద్యోగం నాది. అక్కడి కోటను రోజూ బస్సు కిటికీలోంచి చూస్తున్నవాడికి కొత్త కోట చూపించడం కష్టం.

ఆ ఏడు నాసిక్ ఎంచుకున్నాం. అక్కడ ద్రాక్షతోటల్లోనే వైన్ చేసి, గ్లాసుల్లో వరసగా పోసి, దేనితో ఏది తింటే బాగుంటుందో నేర్పిస్తారట. చదువుకున్నవాళ్ళం గనక నేర్చుకోవడానికి వెనకాడలేదు. ఏ పూట ఎక్కడ ఏం తినాలో మా ఆవిడ వారాల తరబడి ఆలోచించి ఖాయం చేసింది. రెండు భోజనాల మధ్య ఆకలి వేయడానికి కాస్త వ్యవధి కూడా ఇచ్చింది. ఆ ప్లానులో లేనిదల్లా మా చిన్నమ్మే.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. గుడియాత్తంలో మా వీధి చివరే ఇల్లు, లుంగీల మగ్గాలకు నూలు చుట్టిస్తుంది. నాసిక్ అన్న మాట చెవిన పడగానే వచ్చి కూర్చుంది.

"నాసిక్ పక్కనే గదరా త్ర్యంబకేశ్వరుడు ఉండేది? నేనూ వస్తా."

"చిన్నమ్మా, మేము పోయేది వైన్ తాగేదానికి."

"తాగండి నాయనా, ఎవురొద్దన్నారు? నీ కడుపులో రాయి తీసినప్పుడు ఆసుపత్రి బయట కూచోని ఆయనకి మొక్కుకున్నా, కాయ కొడతానని."

"అంత దూరం దేవుడికా? మనూర్లో దేవుళ్ళు లేరా?"

"వాళ్ళకంతా నీ పరీక్షలప్పుడే మొక్కి అయిపోయె. మళ్ళా మళ్ళా అడిగితే బాగుంటాదా?"

పిత్తాశయంలో రాయి అంటే నాకు కొంత నొప్పి, కొంత సెలవు. ఆమెకు అది ఇంకా ముగియని పని. ఆ కాయ కొట్టేదాకా నేను పూర్తిగా బాగుపడినట్టు కాదు.

ముడుపు కాయకు మా ఇళ్ళలో ఒక పద్ధతుంది. పసుపు గుడ్డలో కట్టి చేతికి తీసుకున్నాక, దేవుడి ముందు పెట్టేదాకా నేల మీద పెట్టకూడదు, కాలికి తగలనివ్వకూడదు, దారిలో వదలకూడదు. నాట్రంపల్లి మీదుగా బెంగళూరు విమానాశ్రయం దాకా ఆ కాయ చిన్నమ్మ ఒళ్ళో కూర్చునే వచ్చింది. ఆంబూరులో బిర్యానీకి ఆగడం మా ప్లానులో మొదటి అంశం. కాయ ఉన్న కారు బిర్యానీ దగ్గర ఆగదని తీర్పు చెప్పి, చిన్నమ్మ చింతపండు అన్నం పొట్లాలు విప్పింది. బాగుందని ఒప్పుకోకుండా మొత్తం తిన్నాం.

విమానాశ్రయంలో తనిఖీ మొదలైంది. బెల్టు తీసేసి, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని నడవడం మనిషిలో వినయాన్ని పెంచుతుంది. మా ఆవిడ బ్యాగులోంచి చింతకాయ పచ్చడి సీసా తీసి పక్కన పడేశారు. తినడానికి ఊరెళ్తూ పచ్చడెందుకని అడగలేదు. 

తర్వాత చిన్నమ్మ వంతు. మూట తట్టలో పెట్టమని యూనిఫాంలో ఉన్న అమ్మాయి హిందీలో చెప్పింది. మా ఆవిడ తెలుగులో అందించింది.

"ముందర పోయినోడు బూట్లు పెట్టింది ఆ తట్టలోనే. చూస్తానే ఉండా. దాంట్లో దేవుని కాయనా?"

మా ఆవిడ తన పట్టు దుపట్టా తీసి తట్టలో పరిచింది. కాయ పట్టు మీద పడుకుని యంత్రంలోకి వెళ్ళింది, అవతల ఆగిపోయింది. కొబ్బరికాయ చేతి సామానులో రాకూడదట.

పక్క వరసలో నల్లబట్టల స్వాములు ఇరుముడులతో వెళ్తున్నారు. చిన్నమ్మ వాళ్ళ వైపు చెయ్యి చూపింది.

"వాళ్ళ మూటల్లో ఉండేది ఏంది, ఉర్లగడ్డా?"

"వాళ్ళకి ఈ సీజన్లో మాత్రం పర్మిషన్ ఉందంట చిన్నమ్మా."

"శివునికి సీజన్ లేదా?"

ఆ ప్రశ్ననే నేను హిందీలో అడిగాను. ఆ అమ్మాయి పాపం నిజంగానే ఆలోచించింది. చివరికి రెండు దారులు చెప్పింది: వెనక్కి వెళ్ళి లగేజీలో వేయించడం, లేదా అక్కడి బుట్టలో పడేయడం.

చిన్నమ్మ బుట్టలోకి చూసింది. నీళ్ళ సీసాలు, కత్తెర్లు, మా పచ్చడి. ఆమె గొంతులో తగవు పోయింది.

"నేను కాయ తీసుకోని ఇంటికి పోతా. మీరు పోయి రండి. దీన్ని యాడనో ఇడిసిపెట్టినాక, రేపు నీకేమన్నా అయితే?"

నాకు నవ్వు రావాలి, రాలేదు. ఆసుపత్రి బయట ఆమె ఎలా కూర్చుందో అప్పట్లో నేను చూడలేదు, లోపల పడుకుని ఉన్నాను గనక. ఇప్పుడు చూశాను.

"నా మొక్కే గదా చిన్నమ్మా. నా చేతికియ్యి. లగేజీలో నేనే ఏయిస్తా."

మూటను కళ్ళకద్దుకుని ఇచ్చింది. ఒక చేత్తో కాయ, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని కౌంటరు దాకా పరుగెత్తాను. అక్కడి ఆయన కాయను అట్టపెట్టెలో పెట్టి, పగిలే సామానని పైన గాజుగ్లాసు బొమ్మ అంటించాడు.

విమానంలో కూర్చున్నాక చిన్నమ్మ అడిగింది. "కాయ యాడుండాది?"

"మన కిందనే, విమానం పొట్టలో" అన్నాను. చదువుకున్నవాడు అనవలసిన మాట కాదు.

"కిందనా? మన కాళ్ళ కిందనా?"

వెంటనే కాళ్ళు సీటు మీదికి తీసుకుని బాసింపట్టు వేసింది. "నువ్వూ తియ్యిరా. పాపా, నువ్వు కూడా" అని మా ఆవిడకూ చెప్పింది. నాసిక్ దాకా ముగ్గురం కాళ్ళు ముడుచుకునే వెళ్ళాం. యోగానా అని ఎయిర్ హోస్టెస్ అడిగింది. మా ఆవిడ అవునంది.

పెట్టె విప్పితే కాయ క్షేమం. గుడిలో సమానంగా రెండు చిప్పలై పగిలింది. చిన్నమ్మ నా కడుపు వైపు చూసి, "ఇప్పుడు బాగయినావు పో" అంది. డాక్టరు అదే మాట ఇంకా ముందే చెప్పాడు గానీ ఇంత నమ్మకంగా చెప్పలేదు.

మర్నాడు ద్రాక్షతోటలో మా ముందు గ్లాసులూ చీజు ముక్కలూ పెట్టారు. చిన్నమ్మ ద్రాక్షరసం చాలంది. సంచిలోంచి కొబ్బరి చిప్ప తీసి, చీజు కత్తితోనే ముక్కలు కోసి మా ప్లేట్లలో సర్దింది. "ప్రసాదం, మిగల్చకూడదు."

వైన్ గురించి చెప్పే ఆయన మమ్మల్ని కళ్ళు మూసుకుని గుక్క తాగమన్నాడు. "ఏం రుచి తెలుస్తోంది? పండా, చెక్కా, పొగా?"

"కొబ్బరి" అన్నాను.

ఆయన తన గ్లాసు మళ్ళీ వాసన చూసుకున్నాడు. మెల్లగా తల ఊపి, మీది అరుదైన నాలుక అన్నాడు. చిన్నమ్మ నా ప్లేటులో ఇంకో ముక్క వేసింది.