వృత్తం గీసే బెన్హర్

కోటబొమ్మాళిలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే బెన్హర్ మాస్టారు కంపాసు ముట్టడు. ఊపిరి బిగబట్టి చెయ్యి ఒక్క తిప్పు తిప్పితే బోర్డు మీద నిండు వృత్తం. దాని మీద ఎలక్ట్రాన్‌ను పెట్టి, పిల్లల మొహాల్లో మెప్పు వెతుక్కుంటాడు. ఈ ఏడు పక్క క్లాసుకు ఫిజిక్స్ చెప్పడానికి కొత్తగా చేరిన రేఖ మేడమ్ వృత్తం గీయదు. సుద్దపొడి మూటతో బోర్డు మీద తడుతుంది. నడుమ చిక్కగా, పోనుపోను పలచగా చుక్కలు పడతాయి. ఎలక్ట్రాన్ ఏ గీత మీదా ఉండదని, చుక్కలు చిక్కగా ఉన్నచోట దొరికే అవకాశం ఎక్కువని చెబుతుంది.

"మాస్టారూ, మీరూ సుక్కలేసి సెప్పండి. బేగి అర్థమవతాది" అంది ఢిల్లీశ్వరి, ముందు బెంచీలోంచి.

"ఇదేటమ్మా, మీ వాకిట్లో ముగ్గా?" అని క్లాసును నవ్వించాడు గాని, తాను నవ్వలేకపోయాడు. గంట కొట్టగానే పక్కగదికి వెళ్లి, రేఖ వేసిన బొమ్మను డస్టరుతో కసిగా రుద్దాడు. చుక్కలు చెరిగిపోలేదు. ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అంచు ఎక్కడో తెలియని తెల్లని మబ్బులా పరుచుకున్నాయి. పుస్తకంలో చదివి చెప్పడమే గాని, ఎలక్ట్రాన్ మబ్బును అతను చూడడం అదే మొదలు.

ఇంతలో ఢిల్లీశ్వరి గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఓలమ్మో, ఎంత బాగున్నాదో! రేఖ మేడమ్ సెయ్యే సెయ్యి, కదండీ మాస్టారూ?"

ఆ బొమ్మ తనదని చెప్పాలంటే, తుడవడానికి వచ్చానని కూడా చెప్పాలి. బెన్హర్ డస్టరును వీపు వెనక్కి పెట్టుకుని, "అవునమ్మా" అన్నాడు.