మా ఆయన పట్టిన చేపలు

ఇప్పటి ఆడపిల్లలు మొగుడి ఫోన్ చూసి అనుమానపడుతున్నారు గానీ, ఆ రోజుల్లో నేను చేప కళ్ళు చూసి అనుమానపడ్డాను. ఫోన్ కార్డు గీకి, దాని మీది అంకెలన్నీ నొక్కి, అవతల అమ్మ గొంతు వినపడేలోగా నిమిషాలు కరిగిపోయే కాలం అది. పెళ్ళయిన రెండో నెలలో బహ్రెయిన్‌లో దిగాను. మా ఆయన అస్కర్ అనే ఊరి దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీలో అకౌంటెంటు. మనామాలో రెండు గదుల ఫ్లాటు. ఆయన డ్యూటీకి పోతే సాయంత్రం దాకా నేనూ, నాలుగు గోడలూ, ఏసీ రొదా. చేతినిండా పనిలేని మనిషికి అనుమానం అంత మంచి కాలక్షేపం ఇంకోటి లేదు (ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట).

నాది బందరు. మా నాయనమ్మ బజారులో చేప కొనడం ఊళ్ళో వాళ్ళకి వినోదం. మొప్ప ఎత్తి ఎరుపు చూసేది, కన్ను చూసేది, వేలితో నొక్కేది, వాసన చూసేది, ఆఖరికి అమ్మేవాడి ముఖం కూడా ఎగాదిగా చూసేది. "పొద్దున పట్టిందేనమ్మా" అని వాడు ఒట్టేస్తే, "ఏ పొద్దున?" అని అడిగేది. ఆవిడ చెయ్యి పట్టుకుని తిరిగినదాన్ని నేను. అలాంటి నా దగ్గరికి మా ఆయన ఒక శుక్రవారం సంచీ పట్టుకొచ్చి, "చూశావా, నేనే పట్టాను" అన్నారు.

ఆయనకు చేపలు పట్టే సరదా ఉందని పెళ్ళిచూపుల్లోనే చెప్పారు. నేను వచ్చాక మొదటి శుక్రవారం ఏమీ పడలేదని ఒట్టి చేతులతో వచ్చారు. ఆ తరువాత నుంచి మాత్రం వారం వారం సంచీ నిండుగానే వచ్చేది. ఆ మొదటి సంచీ విప్పాను. సాఫీ అని అక్కడ దొరికే చేపలు. చేపల కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. మొప్పలు మట్టి రంగు. ఒంటి మీద ఐసు గడ్డల నొక్కులు. అంతకన్నా విశేషం, పొట్టలు శుభ్రం చేసి ఉన్నాయి.

"ఇవి ఎవరు శుభ్రం చేశారండీ?" అన్నాను.

"నేనే. నీకెందుకు శ్రమ అని."

ఉల్లిపాయ తరగమంటే వేలు తెగ్గోసుకునే మహానుభావుడు ఆయన! పులుసు పెట్టాను, వడ్డించాను, ఆయన లొట్టలేస్తూ తింటుంటే ఎదురుగా కూర్చుని చూశాను. ఇవి బజారు చేపలు. మరి పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం దాకా ఈ మనిషి ఎక్కడ ఉంటున్నట్టు? ఎవరితో ఉంటున్నట్టు?

ఆ అనుమానం మీద పెట్రోలు పోసినట్టు, ఇంకో వారం ప్యాంటు ఉతకబోతే జేబులో ఒకటి దొరికింది. వంకాయ రంగు. మెరుపులు. వేలెడు పొడుగు, మెత్తగా సాగుతోంది. పైగా సోంపు వాసన! ఇది ఏదో ఆడదాని జడకి కట్టుకునే రబ్బరు, సందేహం లేదు. రుజువు చేసుకుందామని నా జడకి కట్టి చూసుకున్నాను. పుటుక్కున తెగింది. అద్దం ముందు నిలబడి ఏడ్చాను (దానికి ముందు బొట్టు సరిచేసుకున్నాను, అది వేరే సంగతి).

కింది ఫ్లాట్‌లో నెల్లూరు అక్క ఉండేది. ముక్కలు తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ వాసన చూసి, వెలుతురుకి పట్టి చూసి, "నాకైతే తెలియదు పిల్లా, కానీ మంచి వస్తువు మాత్రం కాదు. ఈ శుక్రవారం నువ్వు కూడా వెంట పో" అంది. పోతాను. అక్కడ చేపా లేదు, గాలమూ లేదు అని తేలిందా, ఆ సాయంత్రమే కార్డు గీకి నాన్నను టికెట్ పంపమంటాను. అబద్ధంతో కాపురం చేయడం నా వల్ల కాదు. అలా నిశ్చయించుకున్నాక రెండు రోజులు అన్నం సయించలేదు.

"నేనూ వస్తానండీ" అంటే ఆయన ముఖం పాలిపోయింది. "ఎండ... రాళ్ళు... నీకు విసుగు" అని నసిగారు. ఆ నసుగుడుతో నా అనుమానం రూఢి అయింది. చున్నీ బిగించి కారెక్కాను.

అస్కర్ దాటాక సముద్రం ఒడ్డున రాళ్ళ గట్టు. అక్కడ ఆడమనిషి లేదు. గళ్ళ లుంగీ కట్టుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని హైదరాబాద్ భాయ్ ఒకాయన ఉన్నాడు. మనామాలో ఆయనకు అత్తరు కొట్టు. ఆయన ముందు డబ్బా నిండా వంకాయ రంగు రబ్బర్లు!

"ఏంటవి?" అన్నాను, గొంతు నాది నాకే వినపడకుండా.

"ప్లాస్టిక్ పురుగులు భాభీ. అమెరికాల బాస్ అని చేప ఉంటదంట, దాన్ని వీటితోనే పడ్తరంట. గా చేప ఈడ లేదు, మనం ఈడి హమూర్ చేపకి ఏస్తున్నం. సోంపు వాసన ఎందుకంటే, నోట్ల పెట్టుకుంటే చేపకు ఇడ్వబుద్ధి కాదు."

సగం ప్రాణం తిరిగొచ్చింది. సగమే. ఆ సోంపు వాసన మనిషిది కాదు, పురుగుది, సరే. మరి చేపలు?

భాయ్ పురుగుని గాలానికి ఎక్కించి చూపించాడు. ముల్లు మొన పురుగు ఒంట్లోనే దాగిపోయింది. మా ఆయన విసిరారు. దారం అలా కదిలిందో లేదో, "అదిగో!" అని రాడ్డు ఆకాశానికి ఎత్తారు. పురుగు తోక తెగి వచ్చింది. మళ్ళీ విసిరారు. మళ్ళీ "అదిగో!" ఈసారి ముల్లు రాతికి తగులుకుని రాడ్డు విల్లులా వంగింది.

"భయ్యా, నువ్వు గుంజేది చేపను కాదు, బహ్రెయిన్‌ని" అన్నాడు భాయ్. "ఎన్నిసార్లు చెప్పాలె? తగిలిందనంగనే గుంజొద్దు. మంచిగ నోట్లకు తీసుకోనియ్యి. రాడ్డు జర దించు, దారం బిగువు చెయ్యి. అప్పుడు ఒక్కటే గుంజుడు, ముల్లు పురుగుని చీల్చుకొని దవడకు దిగాలె."

"ఈలోగా అది ఉమ్మేస్తే?" అన్నారు మా ఆయన.

"ఎప్పటికెళ్ళి ఇదే మాట భాభీ! ఇన్ని నెలల్ల ఒక్క చేప పట్టలే."

నేను మా ఆయన వైపు తిరిగాను. "మరి ప్రతివారం ఇంటికొచ్చే ఆ సాఫీ చేపలు?"

"సాఫీనా?" భాయ్ పగలబడి నవ్వాడు. "సాఫీ పాచి తినే చేప భాభీ. పురుగు మొకం చూడదు."

మా ఆయన రాడ్డు నా చేతిలో పెట్టి, దాహం వంక పెట్టి కారు వైపు నడిచారు. కోపంతో ఏం చేయాలో తోచక గాలం విసిరాను. కాసేపటికి వేళ్ళకి టక్కుమని తగిలింది. నమ్మలేదు. (మొగుణ్ణే నమ్మని దాన్ని, దారాన్ని నమ్ముతానా?) రాయి అయి ఉంటుంది అనుకున్నాను. మళ్ళీ టక్, టక్. అల అయి ఉంటుంది. "భాభీ..." అన్నాడు భాయ్ ఊపిరి బిగబట్టి. "ఉండండి, చూడనివ్వండి" అన్నాను. రాడ్డు దించాను. దారం మెల్లగా పక్కకి నడవడం మొదలుపెట్టింది. రాయి నడవదు కదా! రీలు తిప్పి బిగువు చేసి, అప్పుడు గుంజాను చూడండి, నెల రోజుల కోపమంతా ఆ గుంజులో ఉంది. నీళ్ళలో నుంచి మచ్చల హమూర్ ఒకటి నోరు తెరుచుకుని బయటికొచ్చింది. దాని కళ్ళు తళతళలాడుతున్నాయి. భాయ్ టోపీ తీసి గాల్లోకి ఎగరేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కారులో అడిగాను. "ఎక్కడ కొనేవారు?"

"మార్కెట్లో. గట్టు మీద ఏమీ పడక, వచ్చేటప్పుడు."

"ఎందుకండీ అబద్ధం?"

ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "మొదటి వారం ఒట్టి చేతులతో వచ్చానా? నువ్వు నా చేతులు చూసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చావు. బందరు పిల్లవి, చేప లేకపోతే అన్నం దిగదేమో అనుకున్నాను. ఇంకెప్పుడూ అలా ఏడవకూడదని..."

ఓరి దేవుడా! ఆ రోజు నేను ఏడ్చింది చేప కోసమా? పొద్దున అమ్మతో మాట్లాడుతుంటే కార్డు అయిపోయి మధ్యలో తెగిపోయింది, అందుకు. ఆ ముక్క ఆయనకు నేనూ చెప్పలేదు. సిగ్గేసింది. ఆయనొక్కరే దాచారని నెలంతా ఎంత రగిలిపోయానో! ఆ సాయంత్రం కార్డు గీకిన మాట నిజమే గానీ, నాన్నతో హమూర్ సంగతే మాట్లాడాను.

ఆ పై శుక్రవారం ఆయన ఒట్టి చేతులతో వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, దాచకుండా, "ఏమీ పడలేదే" అన్నారు. నాకు కళ్ళు నిండిపోయాయి. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడు కలిగిందో గుర్తు లేదు.

ఆయన కంగారుగా చెప్పుల్లో మళ్ళీ కాళ్ళు పెట్టి, "అయ్యో, ఏడవకే! మార్కెట్ ఇంకా మూసి ఉండరు, ఇప్పుడే వస్తా" అంటూ మెట్లు దిగిపోయారు. ఏడుస్తూనే నవ్వుతూ, ఆయన వెనకాల మెట్ల మీద పరుగెత్తిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఒకసారి వెళ్ళి దగ్గరికి తీసుకోవాలని కూడా ఉంటుంది.