మేడమ్ ఎలుకలూ నా మోచేతి మచ్చా

…ఏడుపు ఆగలేదు, అందుకే నిన్న రాయడం మధ్యలోనే ఆపేశాను. మా బయాలజీ మేడమ్ మొన్న పోయారు. గుండెపోటట. స్కూల్ మ్యాగజైన్‌కి ఆవిడ గురించి ఒక పేజీ రాయమన్నారు నన్ను. రాస్తున్నాను గానీ, ఇది వాళ్లకి పంపగలనో లేదో తెలీదు.

కాశీబుగ్గలో మేడమ్ ఇంటి వెనక గదిలో రెండు బోన్లుండేవి. ఒకదాన్లో నల్ల ఎలుక, ఇంకోదాన్లో మట్టిరంగుది. జీడిపప్పు బద్ద పెడితే నల్లది అరచేతిలో కూర్చుని తినేది. మట్టిరంగుది వేలు కొరికేది. అయినా మేడమ్ ముందు దాన్నే పలకరించేవారు. "ఏటమ్మా, కోపం తగ్గిందా?"

"బొచ్చుకి రంగిచ్చే జీన్లు కొన్ని మెదడులో కెమికల్స్‌నీ కదుపుతాయి. అలాగని ఈ రెండిట్నీ సూసి, రంగుని బట్టే గుణమని రూలు రాసెయ్యకండి" అనేవారు. క్లాసులో ఇంగ్లీషే, ఇంటి దగ్గర మాత్రం మా ఊరి మాటే.

ఒకరోజు బోర్డు మీద టైరోసిన్ అని రాసి రెండు బాణాలు గీశారు. ఒకటి ఒంటికి రంగునిచ్చే మెలనిన్‌కి, ఇంకోటి మెదడులో డోపమైన్‌కి. నేను చున్నీతో మోచెయ్యి కప్పుకున్నాను. నా మోచేతి మీద తెల్లమచ్చ ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా పిన్నికీ ఇలాగే మొదలైంది. తర్వాత ఆవిడ మనుషులతో మాట్లాడటం మానేసి, తనలో తనే నవ్వుకుంటూ ఉండిపోయింది. మచ్చ తలకెక్కిందంటారు మావాళ్లు.

బెల్ కొట్టాక మేడమ్‌కి ఒక్కరికే చూపించాను. కళ్లజోడు పైకి తోసి, మచ్చను వేలితో నిమిరారు.

"పిచ్చిపిల్లా, బయల్దేరిన చోటు ఒకటే, దారులు రెండు. అక్కుపల్లి బస్సు ఆగిపోతే టెక్కలి బస్సూ ఆగిపోద్దేటే?"

"మరి మా పిన్ని?"

"ఆవిడ సంగతి డాక్టరు సెప్పాల, నాకు తెల్దు. ముందు మీ అమ్మకి సూపించు. నేను సెప్పను, నువ్వే సెప్పాల."

చెప్తానన్నాను. ఆ తర్వాత కారిడార్లో ఎదురైనప్పుడల్లా మేడమ్ కనుబొమలు ఎగరేసేవారు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. "సరే, రేపు" అనేవారు. ఒక్కసారీ విసుక్కోలేదు.

ఇప్పుడు మచ్చ రూపాయి బిళ్లంత అయింది. దాని గురించి తెలిసిన ఆ ఒక్క మనిషీ ఇక లేరు. బస్సుల మాట నిజమేనా అని ఇంకోసారి అడగాలని ఉంది. నిన్నంతా ఎవరితోనూ మాట్లాడలేదు నేను. అది ఏడుపు వల్లా, లేక

అమ్మ తలుపు కొడుతోంది.

"ఏటే, లోపల ఏటి సేత్తన్నావు? మీ పిన్నీ ఇలాగే గడియేసుకునేది. తియ్యే, నాకు బయమేత్తంది."

కాగితాలు పరుపు కిందకి తోసేస్తున్నాను. చేతికి చుట్టుకోవడానికి చున్నీ కనపడటం లేదు.