సినిమాల్లో తప్పులు పట్టేవాణ్ణి

మొన్న శనివారం మధ్యాహ్నం, ఇక్కడ ఆస్ట్రేలియాలో, పెర్త్ ఊరి హారిస్‌డేల్‌లో మా అమ్మాయి ఇంట్లో, తొమ్మిదేళ్ళ మా మనవరాలు హాల్లో ఏదో సినిమా పెట్టుకుని కూర్చుంది. మంచినీళ్ళకని నేను గదిలోంచి బయటికొచ్చేసరికి తెరమీద ఎర్రకోట్ల సిపాయిలు వరసకట్టి నడుస్తున్నారు, డోళ్ళు మోగుతున్నాయి, ఎక్కడ చూసినా తుపాకుల పొగ. అమెరికావాళ్ళు స్వాతంత్ర్యం కోసం ఇంగ్లీషువాళ్ళతో చేసిన యుద్ధమని ఒక్క చూపులో పోల్చుకున్నాను. గ్లాసు పట్టుకుని సోఫా వెనకాల నిలబడ్డానో లేదో, మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి, మెల్లగా నా చెయ్యి పట్టుకుని, "నాన్నా, వెదర్ బావుంది కదా, పార్కుదాకా ఒక వాక్‌కి వెళ్ళి రాకూడదూ? దాన్ని కాస్త ఎంజాయ్ చెయ్యనీ" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బావుండేది. ఇంటికొచ్చిన పెద్దమనిషిని నొప్పించకుండా సాగనంపేటప్పుడు వాడే గొంతుతో అంది. నేను టోపీ పెట్టుకుని, చెప్పులేసుకుని బయటికి నడిచాను.

ఆ పార్కు బెంచీమీద కూర్చుని గంటసేపు ఆలోచించిందంతా ఇప్పుడు రాస్తున్నాను. నా ఈడువాళ్ళు చదివితే నన్ను కొంచెమైనా అర్థం చేసుకుంటారని ఆశ.

మా రోజుల్లో బి.ఏ. చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, చరిత్ర తీసుకుంటే అమెరికా చరిత్రని ఒక పేపరు ఉండేది. తెనాలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పదకొండేళ్ళపాటు ఆ పేపరు చెప్పినవాణ్ణి నేను. అమెరికా నేను చూడలేదు, ఇప్పటికీ చూడలేదు. నా ఎమ్.ఏ. రోజుల్లో మా మాస్టారు చెబుతుంటే రాసుకున్న నోట్సే నాకు అమెరికా. రేవులో టీ పెట్టెలు సముద్రంలోకి విసిరేసిన సంగతీ, కాళ్ళకి జోళ్ళు లేని సిపాయిలు మంచులో చలికాలం గడిపిన సంగతీ చెబుతుంటే, వెనక బెంచీలవాళ్ళు కూడా కిటికీలోంచి చూపు మరల్చి నావైపు చూసేవాళ్ళు. ఆ చూపుల రుచి మరిగినవాడికి ఇంకేదీ రుచించదు.

తరవాత మా ఆవిడకి, అకౌంట్సు చదువుకున్న మనిషి కావడంవల్ల, ఆస్ట్రేలియా వీసా వచ్చింది. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. మెల్‌బోర్న్‌లో ఆవిడకి మూడో వారంలోనే ఆఫీసు ఉద్యోగం దొరికింది. నా చరిత్ర ఎవరికీ అక్కర్లేకపోయింది. ఏడాదిపాటు స్కూళ్ళకీ కాలేజీలకీ ఉత్తరాలు రాసి రాసి, చివరికి ఊరి శివార్లలో ట్రుగనీనా అనేచోట ఒక గిడ్డంగిలో పెట్టెలకి లేబుళ్ళు అంటించే పనిలో చేరాను. మాస్టారూ అని పిలిపించుకున్నవాణ్ణి, ఇరవై రెండేళ్ళ సూపర్‌వైజరు చేత మేట్ అని పిలిపించుకున్నాను. అది ఇక్కడ స్నేహంగా అనే మాటేనని తరవాత తెలిసింది కానీ, ఆ రోజుల్లో ఆ మాట వినబడితే చాలు, నా ఒంట్లో ఏదో కుంచించుకుపోయేది.

ఇక నాకు మిగిలిన క్లాసురూము శనివారం మధ్యాహ్నం మా హాలే. వీడియో షాపుకి తండ్రీకూతుళ్ళం నడిచివెళ్ళి, పాత అమెరికా యుద్ధాల సినిమా ఏదుంటే అది అద్దెకి తెచ్చుకునేవాళ్ళం. ఒకే సోఫా, ఒకే దుప్పటి, పళ్ళెంలో మా ఆవిడ వేయించిన పల్లీలు. మొదట్లో మా అమ్మాయే అడిగేది, ఇది నిజంగా జరిగిందా నాన్నా అని. నేను సినిమా ఆపి చెప్పేవాణ్ణి: ఆ కాలపు తుపాకీలో మందు కూరి, గుండు దింపి, మళ్ళీ పేల్చేసరికి నువ్వు సగం గ్లాసు పాలు తాగెయ్యొచ్చు, ఈ హీరో ఒక్క ఊపిరిలో ముగ్గుర్ని ఎలా కాల్చాడు చెప్పు, అని. అది పకపకా నవ్వేది. ఒక నోటుపుస్తకం పెట్టుకుని తప్పులన్నీ నంబర్లు వేసి రాసేది. రెండేళ్ళు అలా గడిచాయి, అవి నా జీవితంలోకెల్లా మంచి రెండేళ్ళు.

తరవాత అది అడగడం మానేసింది, నేను చెప్పడం మానలేదు. బొత్తాలు తప్పు, జెండా తప్పు, ఆ యుద్ధం జరిగింది వానలో అయితే వీళ్ళు ఎండలో తీశారు. అది హీరో తల్లి చచ్చిపోయే చోట ఏడుస్తుంటే నేను ఆవిడ టోపీ గురించి చెప్పేవాణ్ణి. మా ఆవిడ ఒకసారి గుమ్మంలో నిలబడి, "మీరు సినిమా చూస్తున్నారా, పరీక్ష పేపర్లు దిద్దుతున్నారా?" అంది. ఇంకోసారి, అప్పటికి పదమూడేళ్ళుంటాయేమో, మా అమ్మాయే అడిగింది: ఈ తోటలో పనిచేసే నల్లవాళ్ళు బానిసలు కదా, ఎందుకంత హ్యాపీగా ఉన్నారు నాన్నా, అని. నా కళ్ళు బొత్తాలమీద ఉండటంవల్ల ఆ మనుషుల్ని నేను చూడనేలేదు. సినిమా మొత్తంలోకీ పెద్ద అబద్ధాన్ని పట్టుకున్నది అదీ, తప్పులు పట్టేవాడినని పేరుపడ్డది నేనూ.

అది పదో తరగతిలో ఉండగా వాళ్ళ హిస్టరీ టీచరమ్మ పిల్లలందరికీ ఒక పని ఇచ్చింది. చరిత్రమీద తీసిన సినిమా ఒకటి ఎంచుకుని, అందులో ఏది నిజం, ఏది కల్పన, అయినా మీకెందుకు నచ్చింది అన్నది తల్లిదండ్రుల ముందు చెప్పాలి. మా అమ్మాయి మేమిద్దరం మూడుసార్లు చూసిన సినిమానే ఎంచుకుంది. ఆ సాయంత్రం కార్లో, "నాన్నా, ఇవాళ నువ్వేం మాట్లాడొద్దు. ప్రామిస్?" అంది. ప్రామిస్ అన్నాను. ఆ పొద్దున్నే గిడ్డంగిలో, లేబుళ్ళు తారుమారు చేశానని ఆ సూపర్‌వైజరు కుర్రాడు అందరిముందూ చివాట్లు పెట్టాడు. ఇది సాకు కాదు. అసలు అలాంటి రోజున నేను అక్కడికి వెళ్ళి ఉండాల్సింది కాదు.

స్కూలు లైబ్రరీలో ముప్ఫై మంది దాకా కుర్చీల్లో కూర్చున్నాం. మా అమ్మాయి చాలా బాగా మాట్లాడింది. సినిమాలో తప్పులు చెప్పి, అవి తప్పులని తెలిసి కూడా ఆ సినిమా చూస్తే ఏడుపెందుకొస్తుందో చెప్పింది. చివరికి ఒక బొమ్మ చూపించి, అమెరికా సిపాయిలకి గోధుమరంగు కోట్లు వెయ్యడం ఈ సినిమావాళ్ళు సరిగ్గా చేసిన కొద్ది పనుల్లో ఒకటి అంది. నా నోట్సులో నీలం అని ఉంది. పదకొండేళ్ళు నీలమనే చెప్పాను. నా కూతురు నలుగురిలో తప్పు చెబుతోందని అనుకున్నాను. అలా అనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి ముప్ఫై మంది శ్రోతలు కనబడేసరికి నా కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి. తెనాలి గొంతుతో, నా ఇంగ్లీషులో, నీలం కోట్ల గురించి పది నిమిషాలు పాఠం చెప్పాను. ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఎవరో గడియారం చూసుకున్నారు.

మా అమ్మాయి ముందున్న బల్లమీద ఒక పుస్తకం ఉంది, దానిమీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. టీచరమ్మ దాన్నే అడిగింది, నువ్వేమంటావు అని. అది నావైపు ఒకసారి చూసి, "మా నాన్న చెప్పిందే కరెక్ట్ మిస్, నేనే సరిగ్గా చూసుకోలేదు" అని ఇంగ్లీషులో చెప్పి కూర్చుంది. నేను, చెప్పడానికి సిగ్గుగా ఉంది, గర్వంగా తల పంకించాను.

మర్నాడు పొద్దున్న అది ఇంకా లేవలేదు. ఆ పుస్తకం భోజనాల బల్లమీద ఉంది, మధ్యలో కాగితం ముక్క పెట్టి ఉంది. కాఫీ తాగుతూ ఆ పేజీ తెరిచాను. యుద్ధం మొదటి ఏళ్ళలో వాళ్ళ కాంగ్రెసు సైన్యానికి నిర్ణయించిన రంగు గోధుమరంగేనని, నీలం తరవాత వచ్చిందని రాసి ఉంది. ఆ వాక్యం కింద మా అమ్మాయి పెన్సిలుతో సన్నగా గీత గీసుకుంది. దానికి తెలుసు. చెయ్యి కింద రుజువు పెట్టుకుని, నన్ను అంతమందిలో చిన్నబుచ్చడం ఇష్టంలేక, తనే తప్పని ఒప్పుకుంది. నేను కాగితం ఎక్కడున్నది అక్కడే పెట్టి పుస్తకం మూసేశాను. వెంటనే లేపి చెప్పాల్సింది. సాయంత్రం చెబుదామనుకున్నాను. ఆ సాయంత్రం పోయి ఇరవై ఏళ్ళయింది. దాని మార్కుల కాగితంమీద టీచరమ్మ, ఆధారాలు సరిచూసుకోవడం నేర్చుకోవాలి అని రాసింది. ఆ కాగితం మీద తండ్రిగా సంతకం పెట్టింది నేనే.

తరవాతి శనివారం సినిమా తెచ్చాను. హోమ్‌వర్క్ ఉంది నాన్నా అంది. ఆ పై శనివారం ఫ్రెండు ఇంటికి వెళ్ళింది. పదకొండో తరగతిలో హిస్టరీ తీసుకోలేదు, ఫార్మసీ చదివింది. నావల్లనని ఎప్పుడూ అనలేదు. మా మధ్య ఆ తరవాత ఒక్క గొడవ కూడా జరగలేదు, అదే నా బాధ. మా ఆవిడ పోయాక నన్ను మెల్‌బోర్న్‌నించి తనుండే పెర్త్‌కి తీసుకొచ్చి పెట్టుకుంది. డాక్టరుకి చూపిస్తుంది, గుడికి దింపుతుంది, నాకు ఉప్పు తగ్గించి వేరే కూర వండుతుంది. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఫంక్షన్లో కలిసిన అంకుల్‌తో మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

మొన్న పార్కునించి తిరిగొచ్చేసరికి సినిమా అయిపోయింది. మా అమ్మాయి ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎదురుగా కూర్చుని, ఆ పుస్తకం నేను చూశానమ్మా అని మొదలుపెట్టి, గీత గీసిన వాక్యందాకా అంతా చెప్పాను. అది విన్నంతసేపూ మేజోళ్ళు జతచేస్తూనే ఉంది. అంతా అయ్యాక, "ఏ ప్రెజెంటేషన్ నాన్నా? నాకసలు గుర్తే లేదు" అని, నవ్వి, "టీ పెట్టనా?" అంది.

నిజంగా మరిచిపోయిందో, రెండోసారి కూడా నా పరువు కాపాడిందో నాకు తెలియలేదు. ఆధారాలు వెతకడమే వృత్తిగా బతికినవాణ్ణి, దాని మొహంలో వెతికాను, ఏమీ దొరకలేదు. టీ తాగాను.

ఇప్పుడు వీడియో షాపులు లేవు. మా మనవరాలు సినిమా తనే ఆపుకుని, టాబ్లెట్‌లో చూసుకుని, "దిస్ ఈజ్ సో నాట్ ట్రూ" అని నవ్వుకుని, మళ్ళీ వదిలినచోటినించి హాయిగా చూస్తుంది. నిజమూ సంతోషమూ రెండూ ఒకేసారి దానికి దొరుకుతున్నాయి, ఎవరూ చెప్పనక్కర్లేకుండానే. ఈ ఇంట్లో హాలు పెద్దది, సోఫామీద ఏడుగురు కూర్చోవచ్చు, కానీ ఎవరి తెర వాళ్ళకుంది. నేనూ నా గదిలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అవే యుద్ధాల సినిమాలు చూస్తుంటాను. తప్పులు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. ఇదిగో చూశావా, అని పక్కకి తిరుగుతాను, గోడ ఉంటుంది.