చొక్కా విప్పిన పంచాయితీ

ఆ ఆదివారం పొద్దున జిమ్ నుంచి వచ్చి తలుపు తోసేసరికి హాల్లో మా ఆవిడ మేనమామ కూర్చుని ఉన్నాడు. వాళ్ల ఊళ్లో ఎవరింట్లో మొగుడూ పెళ్లాలు తన్నుకున్నా, అన్నదమ్ములు పొలం గట్ల కోసం కొట్టుకున్నా మధ్యన కూర్చుని తీర్పు చెప్పే పెద్దమనిషి ఆయన. పెళ్లికి పిలిచినా సిటీకి రాడు. అలాంటి మనిషి ఇంత పొద్దున్నే హఫీజ్‌పేటలో మా ఫ్లాటులో ఉన్నాడంటే రాత్రే బస్సెక్కి ఉండాలి. పక్కన మా బావ, అంటే మా ఆవిడ అన్న, చేతులు కట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. జీడిమెట్లలో మందుల కంపెనీలో సూపర్‌వైజరతను, ఆదివారం పూట పన్నెండు దాకా మంచం దిగడు. ఇద్దరి ముందూ చాయ్ కప్పులు ముట్టకుండా ఉన్నాయి.

"ఎవరు పోయిన్రు మామా?" అన్నాను.

"ఎవరు పోలే. కూసో అల్లుడా," అన్నాడాయన.

కూర్చున్నాను. అప్పుడు కనిపించింది, సోఫా పక్కన మా పెద్ద సూట్‌కేసు, దాని మీద మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు. పిల్లలిద్దర్నీ ముందురోజే బావ వచ్చి వాళ్లింటికి తీసుకెళ్లాడు. సెలవులు కదా, ఆడుకోవడానికి వెళ్లారనుకున్నాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పద్నాలుగేళ్ల కాపురంలో ఆమె మొహం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

మామ గొంతు సవరించుకున్నాడు. "బిడ్డా, నాకు సుట్టు తిప్పి మాట్లాడుడు రాదు. నీకు ఇద్దరు పిల్లలున్నరు. మంచి నౌకరి ఉన్నది. అయ్యిందేదో అయ్యింది. ఎవరామె?"

"ఎవరు?"

"గదే మేం అడుగుతున్నం. ఎవరామె?"

ఆ ప్రశ్న నా బుర్రకెక్కడానికి చాలాసేపు పట్టింది. ఎక్కాక నవ్వొచ్చింది. నిజంగానే నవ్వేశాను. అంతకన్నా బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు.

"నవ్వుతున్నవా బావా?" అంటూ మా బావ ఇటు తిరిగాడు. "నా చెల్లె ఆర్నెల్ల సంది ఏడుస్తుంటే నీకు నవ్వొస్తున్నదా?"

ఏడుస్తోందా? నేను చూడలేదే!

ఇక్కడ ఆగి నా ఒంటి సంగతి చెప్పాలి. రెండేళ్ల క్రితం దాకా నేను నూట ముప్ఫై కిలోల మనిషిని. ఆఫీసు క్యాబులో నేనెక్కానంటే వెనక సీట్లో మూడోవాడికి చోటుండదు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పొద్దస్తమానం కూర్చోవడమే పని, మధ్యమధ్యలో బిర్యానీ. షుగరొచ్చి, మోకాళ్లు మొరాయించి, డాక్టరు చెడామడా తిట్టాక భయం పుట్టింది. అన్నం తగ్గించి జొన్నరొట్టె పట్టాను. మొదట్లో నడక, తర్వాత జిమ్. యాభై కిలోలకు పైగా పోయాయి. ఆఫీసులో నేనో వింతయ్యాను. నా పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి లిఫ్టు దగ్గర బోర్డుకు అంటించారు. ఎవరెవరో ఆపి "అన్నా, ఏం తిన్నవ్, ఏం చేసినవ్" అని అడిగేవారు. నేనూ మొహమాటం లేకుండా ఉపన్యాసాలు దంచేవాణ్ని.

ఆ ఫోటోలో నా ఒంటి మీద చొక్కా ఉంది కాబట్టి సరిపోయింది. మొహం తగ్గింది, మెడ తగ్గింది, తొడలు తగ్గాయి. ఛాతీ, పొత్తికడుపు మాత్రం మొండికేశాయి. లోపలి కొవ్వు చాలావరకు కరిగింది గానీ పైన తోలు అలాగే మిగిలిపోయింది. బొడ్డు కింద మడతపడి, దూది తీసేసిన దిండు గలీబులా వేలాడేది. ఛాతీ రెండు పక్కలా ముసలమ్మ రొమ్ముల్లా జారింది. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ ఉన్నమాట అది. ఒకరోజు స్నానం చేసి, కిందపడ్డ సబ్బు తీయబోతూ వంగినప్పుడు అద్దంలో చూసుకున్నాను. ఛీ, ఇది నేనా! లావుగా ఉన్నప్పుడు కూడా నాకు నా మీద అంత రోత కలగలేదు. అప్పుడు కనీసం నిండుగా ఉండేవాణ్ని.

జిమ్‌లో కోచ్‌ను అడిగితే, "అన్నా, ఒక్క జాగల్నే తగ్గాలంటే తగ్గదే. బాడీ మన మాట వినదు," అన్నాడు. వాడి మాట నేనూ వినలేదు. పంతం పట్టి పొట్ట కసరత్తులు రెట్టింపు చేశాను. మడత చెమటకు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి, పోయిందేమీ లేదు. చివరికి ఎవరికీ చెప్పకుండా కొండాపూర్‌లో ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఇందులో కొవ్వు కొంచెమేనండి, మిగతాదంతా సాగిన చర్మం," అందామె, పుండ్లకు మందు రాస్తూ. "మీరెంత పరిగెత్తినా ఇది పోదు. ఆపరేషన్ చేసి కోసేయాలి. అదొద్దనుకుంటే పొడిగా ఉంచుకుని దీంతోనే బతకాలి. చాలామంది బతుకుతున్నారండి."

ఆమె మామూలుగానే చెప్పింది. నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఇంత చాకిరీ చేసి, నోరు కట్టుకుని, ఇన్ని తెల్లవారుజాములు తగలేస్తే చివరికి దక్కింది ఇదా? ఎవరి మీదనో తెలియని కోపం. పార్కింగ్‌లో బండి మీద కూర్చుని చాలాసేపు కదల్లేకపోయాను.

అప్పుడు మొదలయ్యాయి బిగుతు బనియన్లు. మోకాలి పట్టీలాంటి మందపు గుడ్డతో చేసినవి, తొడుక్కుంటే ఛాతీ, పొట్ట చదునుగా అణిగిపోతాయి. ఆఫీసుకు అవే, ఇంట్లో అవే, పడుకునేటప్పుడూ అవే. మా ఆవిడ కంట పడకూడదు, అదొక్కటే నా పట్టుదల. తగ్గిన కొత్తలో ఆమె నన్ను చూసి ఎంత మురిసిపోయిందో! మియాపూర్‌లో ఆమె పనిచేసే బడిలో టీచర్లందరికీ నా ఫోటో చూపించిందట. ఆ మురిపెం పోతుందని నా భయం. స్నానానికి వెళ్తే గడియ పెట్టుకునేవాణ్ని, బట్టలన్నీ లోపలికే తీసుకెళ్లేవాణ్ని. అపార్ట్‌మెంట్ ఈతకొలనులోంచి పిల్లలు "డాడీ రా, డాడీ రా" అని గొంతు చించుకుంటుంటే జలుబని చెప్పి గట్టు మీద కూర్చునేవాణ్ని. ఆమె చెయ్యి వేస్తే పక్కకు తిరిగేవాణ్ని. "నా మీద కోపమా?" అని రెండు మూడుసార్లు అడిగింది. "పని ఎక్కువైంది" అన్నాను. తర్వాత "తెల్లవారుజామున లేవాలి, నీ నిద్ర పాడైతది" అని చెప్పి హాల్లో సోఫా మీదికి మారాను. ఎంత ఉపాయంగా నెట్టుకొస్తున్నానో అని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆ ఉపాయాలన్నిటినీ ఇప్పుడు మామ వేళ్లు మడుస్తూ ఏకరువు పెడుతున్నాడు.

"చీకటి పోకముందే తయారై పోతవట. కొత్త అంగీలట, సెంటట. ఫోను బోర్లేసి పెడ్తవట. తానానికి పోతే గడియనట. మాపటికి పెండ్లాం పక్కన పండవట. గివన్ని ఏంది బిడ్డా? గిట్లాంటి పంచాయితీలు నేను ఎన్ని చూడలే!"

ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే. ఫోను బోర్లించిందీ నిజమే, అందులో ఉన్నవి పొట్ట ఆపరేషన్ల ఫోటోలు. నేను ఆయన జాగాలో కూర్చుని ఉంటే నేనూ ఎవరామె అనే అడిగేవాణ్ని. ఆరు నెలలుగా మా ఆవిడ తలలో ఇంత నడుస్తుంటే, అదే ఇంట్లో, అదే కంచంలో తింటూ నేనేం చూస్తున్నట్టు?

"ఎవ్వరు లేరు మామా. ఒట్టు. పిల్లల మీద ఒట్టు."

"పిల్లల మీద ఒట్టెయ్యకు!" మా ఆవిడ నోరు విప్పింది. "నా పిల్లల పేరెత్తితే మర్యాద ఉండదు."

"మరి ఎందుకు గట్లున్నవో చెప్పు బావా," అన్నాడు ఆమె అన్న. "చెప్పు, వింటం."

నోరు తెరిచాను. ఏమని చెప్పాలి? నా రొమ్ములు జారిపోయాయి బావా అనాలా? పెళ్లాం అన్న ముందు మగవాడు అనగలిగే మాటేనా అది? జాకెట్ జిప్పు గడ్డం దాకా లాక్కున్నాను.

"చూసినవా మామా?" అంది మా ఆవిడ. సూట్‌కేసు పిడి పట్టుకుంది. "పోదాం పా అన్నా."

చక్రాలు కదిలిన చప్పుడు వినగానే నాకు మతి పోయింది. లేచి జాకెట్ జిప్పు లాగేశాను. టీషర్టు విప్పి అవతల పారేశాను.

"ఏంది బావా, పిచ్చి లేసిందా?" అని బావ నా మీదికి వచ్చాడు. కొట్టడానికి సిద్ధమవుతున్నాననుకున్నాడు పాపం.

ఇక బిగుతు బనియన్ మిగిలింది. జిమ్ చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. మామూలుగానే దాన్ని విప్పాలంటే బాత్రూములో కుస్తీ పట్టాలి. ఆవేశంలో ఒక్క గుంజు గుంజితే మెడ దాకా వచ్చి అక్కడ ఇరుక్కుంది. రెండు చేతులూ పైకి లేచి ఉన్నాయి, తల గుడ్డలోపల ఉంది, ఊపిరాడటం లేదు. కిందేమో ఇన్నాళ్లూ దాచిందంతా ముగ్గురి ముందూ బట్టబయలుగా వేలాడుతోంది.

"గుంజు మామా! జర గుంజు!" అని లోపల్నుంచి కేకలు పెట్టాను.

ఆయనే లేచి వచ్చి గుంజాడు. తల బయటపడ్డాక చూస్తే ఆయన చేతిలో నా బనియన్ పట్టుకుని కళ్లు పెద్దవి చేసుకుని నిలబడి ఉన్నాడు.

"అయ్యో బిడ్డా! కాలిందా? ఎప్పుడు కాలింది?"

"కాలలే మామా. లావు తగ్గితే తోలు మిగిలింది. ఇది దాచుకుందామనే గట్ల చేసిన."

"గింతేనా?" అన్నాడాయన నమ్మలేనట్టు. "ఓరి నీ పాడుగాను! గింత దానికా నన్ను రాత్రికి రాత్రి బస్సెక్కించిన్రు?"

బావ తల అటు తిప్పుకున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నాకు సిగ్గుతో భూమిలోకి దిగిపోవాలనిపించింది, అయినా హమ్మయ్య అని కూడా అనిపించింది. ఇక మా ఆవిడ ఏడుస్తుంది, నేను ఓదారుస్తాను, మామ ఇడ్లీలు తిని మధ్యాహ్నం బస్సుకు వెళ్తాడు అనుకున్నాను.

ఆమె ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని పడకగదిలోకి లాక్కెళ్లి తలుపు వేసింది. నా పొట్టకేసి అదేపనిగా చూసింది. అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టి లోపలికి లాక్కున్నాను. తోలు ఎక్కడికి పోతుంది?

"దీని కోసమా?" అంది. "దీని కోసమా నన్ను దూరం పెట్టినవ్?"

"నీకు రోత పుడతదేమో అని..."

ఆమె కుర్తా పైకెత్తింది. "చూడు. ఇద్దరు పిల్లల్ని కోసి తీసిన పొట్ట. చారలున్నయ్, మడతున్నది. నీ దానికన్న గొప్పగున్నదా? పెద్దోడు పుట్టినప్పటి సంది చూస్తున్నవ్. చూసినప్పుడల్ల నీకు రోత పుట్టిందా?"

"ఛ! ఏం మాటలవి?"

నిజంగానే అదిరిపడ్డాను. ఆ పొట్టను నేను ఎన్నిసార్లు చూశానో, దాని మీద ఎన్నిసార్లు తల పెట్టుకుని పడుకున్నానో. దానికి మడత ఉందన్న ధ్యాసే నాకు ఎన్నడూ రాలేదు. "నాకెప్పుడు అట్ల అనిపియ్యలే," అన్నాను. "ఒక్కసారి గూడ అనిపియ్యలే."

"మరి నాకెందుకు అనిపిస్తదనుకున్నవ్?"

ఆఫీసులో ఎంత పెద్ద మీటింగైనా ఏదో ఒకటి చెప్పి గట్టెక్కే రకాన్ని నేను. అప్పుడు మాత్రం అలా నిలబడిపోయాను. ఆమె కుర్తా సర్దుకుని తలుపు తీసుకుని బయటికి నడిచింది.

హాల్లో మామ హుషారుగా ఉన్నాడు. "అయిపాయె కదా! ఇగ కొత్తగ చాయ్ పెట్టు బిడ్డా."

"ఇంకో ఆడది లేదు మామా, నేనే తప్పనుకున్న," అంది మా ఆవిడ సూట్‌కేసు అందుకుంటూ. "అయినా నేను వస్తున్న. పా."

"ఇగ ఎందుకే?" మామ నిర్ఘాంతపోయాడు. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏం జరుగుతోందో అర్థం కాక ఆమె వెనకాలే లిఫ్టు దాకా పరిగెత్తాను. బతిమాలాను, తప్పయిపోయిందన్నాను, ఎప్పుడొస్తావని అడిగాను.

"తెల్వదు," అంది. లిఫ్టులోకి వెళ్లి ఇటు తిరిగింది. "ఇంకో ఆడది ఉండుంటే దాన్ని తిట్టుకుంటూనన్న బతుకుతుంటి. నీ తోలు చూసి పోతలేను. నన్ను గింత అగ్గువగ, గింత తక్కువ మనిషిగ లెక్కగట్టినవ్ చూడు, అందుకు పోతున్న."

మామ నా భుజం తట్టబోయి, ఏమనుకున్నాడో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బావ సూట్‌కేసు లోపలికి జరిపాడు. తలుపు మూసుకుంది.

ఎంతసేపు అక్కడ నిలబడ్డానో తెలియదు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. రాజమండ్రి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దావిడ, పాల ప్యాకెట్ల కోసం వంగబోయి నన్ను చూసి అలాగే ఆగిపోయింది.

"అయ్యయ్యో, ఏమైందండీ ఒంటికి? ఏంటండీ అది?" అంది నా పొట్టకేసి చూస్తూ.

ఒంటి మీద చొక్కా లేదన్న సంగతి అప్పుడు తెలిసింది. చెయ్యి అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు.

"మా ఆవిడ వెళ్లిపోయిందండీ," అన్నాను.