కుట్టేసిన చివరి అధ్యాయం

మా ఏరాలు పోయింది. ఆ వార్త మా మరిది మోసుకొచ్చాడు. ఆసుపత్రి నుంచి రిక్షాలో వచ్చి, గడప దాటకుండానే "ఒడిసిపోయింది వదినె" అన్నాడు. అతని అంగీ జేబులో ఆమె కళ్లద్దాలు కనిపిస్తున్నాయి. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నెల దాటినా అది తగ్గలేదు. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మంచి అందులోనే ఉంది.

మాదన్నపేటలో ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర మేమిద్దరం కోడళ్లం. నేను పెద్ద, ఆమె చిన్న. బియ్యం డబ్బా తాళం, ఇంటి లెక్కలు, పిల్లల చదువు నావి. నవలలు ఆమెవి. అవి కూడా ఒకే రకం. ఒక ఇల్లు, అందులో నలుగురైదుగురు మనుషులు, వాళ్లలో ఎవరో ఏదో దాస్తారు, మిగతావాళ్లు ఒకరినొకరు అనుమానిస్తారు. బడిలో పాఠాలు చెప్పి వచ్చిన నాకు అవి చూస్తే చిరాకు. ఇలాంటివి చదివితే లేని అనుమానాలు కూడా ఇంట్లోకి వస్తాయని వాదించేదాన్ని. ఆమె కూర తరుగుతూ నవ్వేది.

"ఉన్నయి పోతయి అక్కా, లేనియి రావు" అనేది.

మా గల్లీలో ఆడవాళ్లకు ఏ నవల చదవాలో చెప్పేది ఆమే. మనిషిని చూసి పుస్తకం చెప్పేది. పక్కింటి అత్తగారికి ఒకసారి, కోడలు తలుపేసుకుని గదిలో ఏం చేస్తోందోనని ఇల్లంతా వణికిపోయే నవల ఇచ్చింది. వారం తిరిగేసరికి ఆ అత్తగారు పుస్తకం తెచ్చి మా అరుగు మీద పడేసి, "మా కోడలు లోపల రేడియో వింటదంతే. నిన్న అడిగిన" అంది. కాస్త చిన్నబోయినట్టే అంది. ఆమె వెళ్లాక మా ఏరాలు నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది. నేను చూడనట్టు చాటలోకి తల వంచుకున్నాను.

కూరగాయల మార్కెట్ పక్కనే అద్దె పుస్తకాల దుకాణం. అక్కడ ఆమె ఎంచే తీరు కూరగాయల బేరం కంటే గట్టిగా ఉండేది.

"పోలీసులు సగం కాకముందే వస్తే ఆ బుక్కు ఆడనే పెట్టెయ్యి. వాళ్లొస్తే ఇంటోళ్లు ఒక్కటైతరు, ఇంకేం మజా? మనుషులు ఎక్కువుంటే వద్దు, అనుమానం పల్చనైతది. అందరు కల్సి అన్నం తినే సీను మాత్రం ఉండాలె అక్కా. భయమంతా ఆడనే ఉంటది."

ఇంకో మాట ఎన్నిసార్లు అందో చెప్పలేను. "ఎవ్వరన్న ఒక్కరు నోరు తెరిచి చెప్తే, ఇది నూరో పేజీల ఒడిసిపోతది. చెప్పరు. అందుకే మనకు బుక్కు."

ఆమె పోరు పడలేక నేనూ చదవడం మొదలుపెట్టాను. అయితే నా పద్ధతి నాది. ముందు చివరి పేజీ చూసుకుంటాను. జవాబు తెలియకుండా లెక్కలోకి దిగడం నావల్ల కాదు. ఒకరోజు అది ఆమె కంట పడింది.

"ఇంత చదువుకున్నదానివి, గిదేం దొంగతనం అక్కా?"

మర్నాటి నుంచి ఆమె చివరి అధ్యాయాన్ని కుట్టేసి ఇవ్వడం మొదలుపెట్టింది. జాకెట్లు కుట్టే ఎర్రదారంతో, అంచు వెంబడి. దారం వరకు చదివి, నా అనుమానం ఎవరి మీదో పైకి చెప్పాలి. అప్పుడు ఆమె దారం పళ్లతో తెంపేది. నేను చెప్పింది దాదాపు ప్రతిసారీ తప్పే.

"మంచిగ మాట్లాడేటోళ్లంటేనే నీకు అనుమానం. పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ గిట్లైనవ్."

పుస్తకాల అంచున సూది రంధ్రాలు చూసి దుకాణం అతను మొత్తుకునేవాడు. "అమ్మా, కితాబ్ ఇస్తే జాకెట్ చేసి తెస్తున్నరేంది?"

"కుట్టుకూలి అడుగుతలేను గద భాయ్" అని ఇంకో నవల తీసుకునేది.

ఈ వేసవిలో ప్రతి గురువారం పుస్తకం మార్చుకొస్తానని వెళ్లి, దీపాలు పెట్టే వేళకు వచ్చేది. దుకాణం చూస్తే మా వీధి చివరే. ఒక గురువారం అదే పుస్తకంతో తిరిగొచ్చింది. ఆమె చీర దగ్గర ఫినాయిలు వాసన.

"యాడికి పోతున్నవ్?" అని అడిగాను.

"నయాపూల్ దిక్కు కొత్త దుకాణం పడ్డది."

"కొత్త పుస్తకమేది మరి?"

"అబ్బా, అనుమానం మస్తుగ నేర్సినవ్ అక్కా! ఇంక రెండధ్యాయాలు ఆగు." నవ్వింది. నాకు ఒళ్లు మండి, పప్పు కడగడానికి వెళ్లిపోయాను.

నయాపూల్ దిక్కున పెద్దాసుపత్రి ఉంది. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, వంటింట్లో కూర్చుని నాకోసం నవల కుడుతూ కుడుతూ పక్కకు ఒరిగిపోయింది. అప్పుడు తెలిసింది మాకు. జబ్బు ముదిరిపోయిందని ఆమెకు ఎన్నాళ్లుగానో తెలుసు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. "ఇంట్లో ఎవరికీ తెలియదా?" అని డాక్టరు అడిగితే, ఇంటికి పెద్దదాన్ని, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇలాంటి మనిషి ఆమె చదివిన నవలలో ఉంటే ఏమనేదో నాకు తెలుసు. "పిచ్చిది, చెప్తే అయిపోతుండె" అనేది.

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చోవడానికి ఆ నవలే తీసుకెళ్లాను. ఆమె ముందు అడిగింది దాని గురించే.

"దారం తెంపలే గద?"

"నాకెందుకు చెప్పలే?" అన్నాను. వార్డులో అందరూ తిరిగి చూసేంత గట్టిగా అన్నాను.

ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది. "చెప్తే నన్ను గూడ ఆఖరి పేజీ నుంచే చదువుదువు అక్కా."

ఆమె దాచిన ఆ నెలల్లో మేం ఉప్పు గురించి, నవలల గురించి ఎప్పటిలాగే పోట్లాడుకున్నాం. నాకు తెలిసుంటే ఆమెకు ఆ పోట్లాటలు దక్కేవి కావు. అది ఒప్పుకుంటాను. కానీ మందులు ముందే గట్టిగా పడుండేవేమో, పొయ్యి దగ్గర నుంచి లేపి కూర్చోబెట్టేదాన్నేమో. ఆ అవకాశం నాకు ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. అక్కడే నా మనసు సర్దుకోవడం లేదు.

చివరిసారి వెళ్లినప్పుడు "దారం దాకా అయింది గద, ఎవరి మీద అనుమానం?" అని అడిగింది.

"ఇంటికొచ్చి విను" అన్నాను. అలాగైనా వస్తుందని.

"గిది అన్యాయం" అంది. కళ్లు నవ్వాయి. మర్నాడు పొద్దున మరిది రిక్షా దిగాడు.

పుస్తకం నా దగ్గరే ఉంది. దుకాణం అతను కబురు పెట్టాడు. తీసుకున్న పుస్తకాన్ని గడువు దాటనిచ్చే అలవాటు నాకు లేదు, అయినా పంపలేదు. పోయిన గురువారం వంటింట్లో ఆమె పీటకు ఎదురుగా కూర్చుని, "వంటమనిషి మీద" అని పైకే చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

కుట్టు సగంలోనే ఆగిపోయింది. ముడి లేదు. కింది సగం పేజీలు విడిగానే ఉన్నాయి, వేలు పెట్టి తొంగి చూడొచ్చు. చూడలేదు. సూది ఆమె వదిలిన చోటే గుచ్చి ఉంది. ఈ వానల తేమకు తుప్పు పట్టి, దాని చుట్టూ కాగితం మీద గోధుమరంగు మరక మెల్లగా పెరుగుతోంది.