లేపొద్దన్న నిద్ర

1942, పుష్యమాసం. గోపాల్‌పేట దిక్కున ఒక చిన్న దవాఖానలో నేను కాంపౌండర్‌ని. కాంపౌండర్ అంటే మందులు కలిపి ఇచ్చేవాడు. డాక్టర్ గారు వారానికొక్క రోజు వచ్చే చోట మిగతా ఆరు రోజులూ నేనే డాక్టర్‌ని. నా వాలకమూ అట్లాగే ఉండేది. రెండు ముక్కలు చెప్పి ‘ఇంక పోండి’ అనేవాణ్ణి.

బావి తవ్వుతుంటే ఒడ్డు విరిగిపడి భర్త పోయిన బాలమ్మకు నాలుగో రోజు నుంచే దగ్గు, జ్వరం. చావు మైలలో తానున్న గది దాటి రాకూడదట. అత్త సాయమ్మ వచ్చి మిక్స్చర్, అంటే సీసాలో పోసిచ్చే నీళ్లమందు, పట్టుకుపోయింది. “వెచ్చగ ఉంచు. చలిగాలి తగలనియ్యకు,” అని పంపేశాను.

మర్నాడు పొద్దెక్కాక వేరే రోగిని చూసి వస్తూ వాళ్లింటి ముందు ఆగాను. సాయమ్మ వాకిట్లో కూర్చుని ఉంది.

“కోడలికి ఎట్లున్నదవ్వా?”

“మంచిగున్నది సారూ. మొగడు పోయిన కాన్నుంచి కన్ను మూయలే. తెల్లారుజామున కుంపటి పెట్టిన. ఇగ ఇప్పటిదాంక లేస్తలేదు. పిల్ల గూడ పక్కన్నే పండుకున్నది. పాపం, లేపకుండ్రి.”

నేనూ “సరే, లేపొద్దులే” అన్నాను. ఛీ, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది! నాలుగడుగులు వేశాక గాని అనుమానం రాలేదు.

“అవ్వా, పొద్దుటినుంచి దగ్గిందా?”

“ఒక్కసారి గూడ దగ్గలే. మీ మందు మస్తుగ పనిచేసింది.”

తలుపు తోస్తే కింద కుక్కిన గోనెసంచి అడ్డుపడింది. గోడకున్న చిన్న కిటికీలో చనిపోయినవాడి గొంగడి కుక్కి ఉంది. నడుమ బొగ్గుల కుంపటి. పొగ లేదు, వాసన లేదు. తల్లికీ నాలుగేళ్ల బిడ్డకీ ఉలుకూ పలుకూ లేదు.

ఇద్దర్నీ వాకిట్లోకి మోసుకొచ్చాం. గాలి తగిలిన కాసేపటికి బిడ్డ వాంతి చేసుకుని కేరుమంది. బాలమ్మ పల్స్, అంటే నాడి, అందీ అందకుండా ఉంది. బోర్లా పడుకోబెట్టి వీపు మీద నొక్కుతూ, వదులుతూ ఊపిరాడించాను.

“మొగడు పిలుస్తుండు దీన్ని,” అంది చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఒకామె.

“మొగడా పాడా! కొడుకే పోయినంక కోడలెందుకని అత్తనే ఏందో పెట్టింది,” అంది ఇంకొకామె.

సాయమ్మ నా పక్కన కూలబడింది. “నువ్వే అంటివి గద సారూ, గాలి తగలనియ్యకని! సందు లేకుండ నా చేతులతోనే మూసిన. నేనే సంపుకుంటినా?”

మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. కంటికి కనపడని ఆ విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇది చదివి పరీక్ష రాసిన మొనగాణ్ణి నేనే!

చాలాసేపటికి బాలమ్మ కళ్లు తెరిచింది. “ఎందుకు లేపిండ్రు? ఇయ్యాలనే జర నిద్రపట్టె,” అంది.

లేచి నిలబడి అందరికీ వినపడేట్టు చెప్పాను. “అవ్వ తప్పేం లేదు. కుంపటి ఉంటే తలుపు తీసి ఉంచాలె. అది నేను చెప్పలే. తప్పు నాది.” సాయమ్మ కోడలి తల ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ తర్వాత ఎవరికి మందిచ్చినా, ఇంటికి పోయి ఏం చేస్తారో వాళ్ల నోటితోనే చెప్పించుకునేవాణ్ణి. కొందరు విసుక్కునేవాళ్లు, విసుక్కోనీ. ఆ రోజు సాయమ్మ నా మాటను పెడచెవిన పెట్టలేదు. నేను చెప్పింది చెప్పినట్టే చేసింది.